పేరు లేని పట్టు

"కార్డు పేరు దొరకట్లేదు" అని మేం మూడు రోజులుగా తలలు పట్టుకుని కూర్చుంటే, మా అవ్వ వచ్చి "ఏ కార్డు? రేషన్ కార్డా, ఆధార్ కార్డా?" అని అడిగింది. గిటారు కార్డు అవ్వా అని చెప్పాం. గిటారుకు కూడా కార్డు ఇస్తున్నారా అంది. నవ్వుకున్నాం గానీ, ఆ తర్వాత ఆలోచిస్తే ఆమె అడిగింది మరీ తప్పేం కాదు. కార్డు ఉంటేనే మనిషి ఉన్నట్టు లెక్క. పేరు కొడితేనే కంప్యూటరు ఆ మోతను ఒప్పుకుంటుంది.

సంగతి మొదటినుంచి చెప్తాం. మేం ముగ్గురం. ఒకరం ఆశ్రమ పాఠశాలలో టీచరు, ఒకరం విశాఖపట్నంలో చిన్న ఉద్యోగం, ఒకరం ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటూ ఆదివారం ప్రార్థనలో గిటారు వాయిస్తాం. ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవానికి బడి పిల్లల చేత మా అవ్వ వాళ్లు పాడే నాట్ల పాట పాడించాలనుకున్నాం. ఆ రోజుకు ముగ్గురం ఒకచోట ఉండటం కుదరదు. పిల్లలు నెల రోజులు సాధన చేయాలి, వాయించేవాళ్లు లేరు. అందుకని కంప్యూటరులో వెనక వాద్యం తయారుచేసి ఇద్దామనుకున్నాం.

ఈ పనికి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. బాగా పేరున్నది బ్యాండ్ ఇన్ ఎ బాక్స్, 1990లో వచ్చింది, పీటర్ గానన్ అనే ఆయన తయారుచేశాడు. ఫోనులో వాడేవి కూడా ఇప్పుడు చాలా వచ్చాయి. అన్నిటి పద్ధతీ దాదాపు ఒక్కటే. గళ్లు ఉంటాయి, ఒక్కో గడిలో కార్డు పేరు కొట్టాలి. స్టైల్ ఎంచుకోవాలి. నొక్కితే డ్రమ్ము, బేసు, పియానో, గిటారు అన్నీ అదే వాయిస్తుంది. మాకు దొరికింది ఒక మిత్రుడి పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న అలాంటిదే ఒకటి. జి, సి, డి అని కొడితే చక్కగా వాయించింది. ఇంకేం, గంటలో పని అయిపోతుంది అనుకున్నాం.

పాటకు కార్డులు మేం కట్టినవి కావు. మా పెద్దన్నవి. అన్న ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు దగ్గర వాచ్‌మన్. ఊళ్లో ఉన్నప్పుడు అవ్వ పాడుతుంటే పక్కన కూర్చుని గిటారు వాయించేవాడు. ఆ రోజుల్లో ఫోనులో తీసుకున్న రికార్డింగు ఒక్కటే మా దగ్గర ఉంది, నాలుగు నిమిషాలది, మధ్యలో కోడి కూత కూడా ఉంటుంది. అన్న వాయించేది మామూలు కార్డులు కావు. కారణం సంగీతం కాదు, కొడవలి. చిన్నప్పుడు వరి కోస్తూ ఎడమ చెయ్యి చిటికెన వేలు సగం పోగొట్టుకున్నాడు. కోత కోసేవాళ్లకు తెలుసు, గంటి పట్టుకునే చెయ్యే తెగుతుంది. గిటారు మీద మెట్లు నొక్కేది కూడా ఆ చెయ్యే. అందుకే అన్నకు మూడు వేళ్ల పట్లే వచ్చు. నొక్కలేని తీగను ఖాళీగా వదిలేసేవాడు. ఆ ఖాళీ తీగలు మోగి మోగి అతని వాద్యానికి ఒక తీరు వచ్చింది.

ముందు ఫోనులో కార్డులు గుర్తుపట్టే యాప్ ఒకదానికి రికార్డింగు వినిపించాం. డి అంది, బి మైనర్ అంది, జి అంది. అవే వాయించి చూశాం. అన్నది కాదది. సినిమా పాటకు వాయించినట్టుంది. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి మేజర్, మైనర్ డబ్బాలే ప్రధానం. ఏ మోత వచ్చినా దగ్గర్లో ఉన్న డబ్బాలో వేసేస్తాయి. మమ్మల్ని బడిలో చేర్చిన రోజున మా ఇంటి పేర్లు రిజిస్టరులో రాసిన పద్ధతి గుర్తొచ్చింది. పలకడం రాని పేరుకు దగ్గర్లో ఉన్న పేరు రాసేశారు. మాలో ఒకరం ఇప్పటికీ ఆ పేరుతోనే జీతం తీసుకుంటున్నాం.

సరే, రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు అన్నకు ఫోను చేశాం.

"అన్నా, నాట్ల పాటలో అవ్వ గొంతు ఎత్తే కాడ నువ్వు పట్టేది ఏ కార్డు?"

"కార్డు ఏట్రా? అది వాన పట్టు."

"పేరు కాదన్నా, కార్డు పేరు."

"అదేరా పేరు. పాట ఆగిన కాడ పట్టేది మబ్బు పట్టు. ఊరికే వదిలేసేది ఖాళీ పట్టు. నాకు తెలిసినవి అవే."

మరి వేళ్లు ఎక్కడ పెడతావో చెప్పన్నా అంటే చెప్పాడు. గేటు తీయడానికి మధ్యలో రెండుసార్లు లేచాడు. మేం కాగితం మీద ఆరు గీతలు గీసుకుని చుక్కలు పెట్టుకున్నాం. ఈ పని చేయాలనుకునేవాళ్లు ఎవరైనా ఇలాగే మొదలుపెట్టాలి. చెవిని నమ్మేముందు వేలిని అడగాలి.

గిటారు తీగలు లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఒక్కో మెట్టుకు ఒక్కో స్వరస్థానం పెరుగుతుంది. వాన పట్టుకు లావు తీగ వాయించడు. 5వ తీగ 2వ మెట్టు, 4వ తీగ ఖాళీ, 3వ తీగ 2వ మెట్టు, 2వ తీగ 3వ మెట్టు, 1వ తీగ ఖాళీ. లెక్కపెడితే బి, డి, ఎ, డి, ఇ. రెండోసారి వచ్చిన డి తీసేస్తే నాలుగు స్వరాలు మిగిలాయి. ఇంక పేరు పెట్టాలి.

ఇక్కడే తెలిసింది, పేరు మనం ఎక్కడ నిలబడి చూస్తున్నామో దాన్ని బట్టి ఉంటుందని. బి దగ్గర నిలబడి లెక్కపెడితే డి మైనర్ మూడోది, ఎ ఏడోది, ఇ పదకొండోది. అప్పుడది బి మైనర్ 11, అయితే ఐదోది లేదు, తొమ్మిదోదీ లేదు. డి దగ్గర నిలబడితే ఎ ఐదోది, ఇ రెండోది, అడుగున బి. అప్పుడు డి సస్ 2, కింద బి. ఇ దగ్గర నిలబడితే ఎ నాలుగోది, బి ఐదోది, డి ఏడోది, అంటే అచ్చంగా ఇ 7 సస్ 4, కింద బి. మూడు వేళ్లు, ఒకే మోత, మూడు పేర్లు. మూడూ తప్పు కావు.

ఇలాంటివి మామూలు కార్డుల్లోనూ ఉన్నాయి. ఎ మైనర్ 7లో ఉన్న ఎ, సి, ఇ, జి స్వరాలే సి 6లోనూ ఉంటాయి. సి సస్ 2, జి సస్ 4 రెండింటిలోనూ సి, డి, జి. అడుగున ఏ స్వరం మోగుతోంది, పాట ఎక్కడ ఆనుకుంది అన్నదాన్ని బట్టి ఒక పేరు ఎంచుకుంటారు. మనిషికి పేరు ఏదైనా ఫర్వాలేదు, వేళ్లు అక్కడే ఉంటాయి కదా. కంప్యూటరుకు అలా కాదు. దానికి వేళ్లు లేవు. పేరు చూసి, ఆ పేరుకు ఉండాల్సిన స్వరాలన్నీ అదే తెచ్చుకుంటుంది. మనం వదిలేసినవి కూడా.

మేం మొదట బి మైనర్ 11 అని కొట్టాం. తీసుకుంది. వాయించింది. పక్కన అవ్వ చేత పాడించాం. ఆమె రెండు మాటలు పాడి ఆగిపోయింది. మళ్లీ పెట్టాం, మళ్లీ ఆగిపోయింది. "ఇది నన్ను తోసేస్తోంది" అంది.

ఏం తోస్తోందో కనిపెట్టడానికి మాకు రెండు రోజులు పట్టింది. పాటకు షడ్జమం డి. అవ్వ వాళ్లు పాడే గాంధారం ఉంది చూశారూ, అది గిటారు మీద లేదు. డి నుంచి మూడు మెట్లు ఎక్కితే ఎఫ్, అది సాధారణ గాంధారం. నాలుగు మెట్లు ఎక్కితే ఎఫ్ షార్ప్, అది అంతర గాంధారం. అవ్వ గొంతు ఈ రెంటికీ నడుమ నిలబడుతుంది. ట్యూనర్ యాప్ పెట్టి చూశాం, ముల్లు రెండు గీతల మధ్యే ఊగింది. ఒకసారి కాదు, ప్రతిసారీ. పక్కింటి చిన్నమ్మ పాడినా అక్కడే. ఒక ఏడాది పోటీల్లో మా పిల్లలు ఇదే పాట పాడితే, గాంధారం తప్పుతోంది అని జడ్జిగా వచ్చినాయన మార్కులు కోశాడు. అప్పుడు మేం కూడా తలదించుకున్నాం. పిల్లలకు శ్రుతి నేర్పలేదని మమ్మల్నే తిట్టుకున్నాం. తప్పడం అంటే ఒక్కోసారి ఒక్కోచోట పడాలి. నలుగురు ఆడవాళ్లు నలభై ఏళ్లుగా ఒకేచోట పడుతుంటే అది తప్పు ఎలా అవుతుంది?

బి మైనర్ 11కు ఐదో స్వరం ఎఫ్ షార్ప్. అన్న పట్టులో అది లేదు. పేరు చూసి కంప్యూటరు దాన్ని తెచ్చి పెట్టింది, పియానోలో పైకి వినబడేలా. అదే అవ్వను తోసింది.

అప్పుడు రికార్డింగు మొదటినుంచి మళ్లీ విన్నాం, ఈసారి ఎఫ్, ఎఫ్ షార్ప్ కోసం మాత్రమే. అవ్వ పాడుతున్నంతసేపూ అన్న ఎక్కడా ఆ రెండూ మోగించలేదు. గాంధారం చోటు మొత్తం ఆమెకే వదిలేశాడు. ఖాళీ పట్టు అంటే అసలు వేలే పెట్టడు. లావు తీగ వదిలి 5వ తీగ నుంచి మీటితే ఎ, డి, జి, బి, ఇ. పుస్తకంలో చూస్తే అది ఎ 9 సస్ 4. నడుమ లావు తీగ కూడా కలిస్తే అవే స్వరాలను జి 6/9 అనొచ్చు, ఇ మైనర్ 7 యాడ్ 11 అనొచ్చు. డి షడ్జమం అనుకుని మన లెక్కలో చెప్పుకుంటే స, రి, మ, ప, ద. కర్ణాటక సంగీతంలో శుద్ధ సావేరి స్వరాలు. గిటారు తీగలు ఖాళీగా ఉంటే గ, ని రెండూ వాటంతట అవే ఉండవు! ప్రపంచంలో ఏ గిటారైనా మామూలు శ్రుతిలో ఉంటే అంతే. అన్నకు ఇది తెలియదు. అవ్వ గొంతుకు ఏది అడ్డం వస్తే దాన్ని తీసేసుకుంటూ పోయాడు. సగం వేలు లేకపోవడం వల్ల తీసేయడం తేలికైంది.

అడిగితే ఏమన్నాడో తెలుసా? "ఆవిడ పాడతంటే నానెందుకు అడ్డం రావాల?"

ఇక్కడ మాకు భయం కూడా పట్టుకుంది. అప్పటిదాకా ఇది గిటారు సరదా. కానీ ముప్ఫై మంది పిల్లలు నెల రోజులు రోజూ ఈ వాద్యంతో పాడబోతున్నారు. అందులో ఎఫ్ షార్ప్ ఉంటే వాళ్ల గొంతు దానికి అంటుకుపోతుంది. చిన్నపిల్లల చెవి అంత లేతది. అవ్వ దగ్గర కూర్చుని నేర్చుకునేది వారానికి ఒక గంట, స్పీకరుతో పాడేది రోజూ. రెండేళ్లలో ఆ గాంధారం పోతుంది, పోయినట్టు ఎవరికీ తెలియదు కూడా. పాట అలాగే ఉంది కదా, ఇంకా శ్రుతిలో ఉంది అంటారు. మేమే మంచి పని చేస్తున్నామనుకుంటూ ఆ పని చేసి ఉండేవాళ్లం.

అందుకని వాన పట్టుకు పేరు ఎంచుకునేటప్పుడు ఏ స్వరాలు ఉన్నాయన్నది వదిలి, ఏది ఉండకూడదో దాన్ని బట్టి వెతికాం. ఇ 7 సస్ 4 కింద బి అన్నది స్వరాల లెక్కకు సరిగ్గా సరిపోతుంది. కానీ ఆ పేరు కొడితే పియానో చెయ్యి ఇ మీద వాలిపోతోంది, షడ్జమం ఎక్కడో తప్పిపోయినట్టయింది. పైగా సస్ కార్డుకు తొమ్మిదోది కలిపి వాయించడం ఈ సాఫ్ట్‌వేరుకు అలవాటు. ఇకి తొమ్మిదోది ఎఫ్ షార్ప్, మళ్లీ మొదటికే వచ్చాం. చివరికి డి సస్ 2 కింద బి అని పెట్టాం. కార్డులకు దానంతటది హంగులు చేర్చే ఎంపిక ఒకటి ఉంటుంది, దాన్ని ఆపేశాం. బేసు కూడా ఒక కార్డు నుంచి ఇంకోదానికి వెళ్తూ మధ్యలో మెట్లెక్కే స్టైల్ కాకుండా, మూల స్వరం మీద నిలబడేది తీసుకున్నాం. ఖాళీ పట్టుకు ఎ 9 సస్. ఇది దానికి తెలిసిన పేరే, గొడవ పెట్టలేదు.

ఇంకొక చిక్కు శ్రుతి. అవ్వ ఏ పెట్టెనూ చూసి పాడదు, అన్న ఆమెకు తగ్గట్టు తీగలు వదులు చేసుకునేవాడు. రికార్డింగు మొత్తం మామూలు శ్రుతికి కొంచెం కింద ఉంది. ఎ స్వరం 440 హెర్ట్జ్ ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న కొలత. సాఫ్ట్‌వేరులో దాన్ని సెంట్లలో తగ్గించుకోవచ్చు. ఒక మెట్టుకు నూరు సెంట్లు. మేం నలభై తగ్గించాం.

మిగిలింది మబ్బు పట్టు. అది అవ్వ ఊపిరి తీసుకునే చోట వస్తుంది. 5వ తీగ 5వ మెట్టు, 4వ తీగ 4వ మెట్టు, 3వ తీగ ఖాళీ, 2వ తీగ 3వ మెట్టు, 1వ తీగ ఖాళీ. గిటారు తెలిసినవాళ్లు చూడగానే అంటారు, ఇది సి కార్డు పట్టును రెండు మెట్లు పైకి జరిపింది కదా అని. అంతే. సి పట్టు వేళ్లు అలాగే ఉంచి పైకి జారిస్తే ఖాళీ తీగలు మాత్రం జరగవు, అక్కడే ఉండి కొత్తగా మోగుతాయి. స్వరాలు డి, ఎఫ్ షార్ప్, జి, డి, ఇ. ఎఫ్ షార్ప్, జి పక్కపక్కనే ఒకదాన్నొకటి రాసుకుంటూ ఉంటాయి, ఆ రాపిడిలోనే ఒక మసక ఉంటుంది. మబ్బు అని ఎందుకన్నాడో వింటే తెలుస్తుంది. ఎఫ్ షార్ప్ ఉంది కదా మరి అంటారేమో. ఉంది, కానీ గొంతు ఆగిన చోట. పాట మళ్లీ అందుకునే లోపు తీసేస్తాడు.

పుస్తకం ప్రకారం దాని పేరు డి యాడ్ 9 యాడ్ 11. అలాగే కొట్టాం. గుర్తించలేను అంది. యాడ్ అన్న మాట తీసేసి డి 11 అని కొడితే ఒప్పుకుంది గానీ, డి 11 అంటే సి కూడా ఉండాలని ఏడో స్వరం తెచ్చి పెట్టింది, పైగా ఎఫ్ షార్ప్ మింగేసింది. యాడ్ ఉన్నదానికీ లేనిదానికీ ఇంత తేడా. కొత్తగా నేర్చుకునేవాళ్లు సి 9కీ సి యాడ్ 9కీ మధ్య పొరపాటు పడేది ఇక్కడే. సి 9లో బి ఫ్లాట్ ఉంటుంది, సి యాడ్ 9లో ఉండదు. డి సస్ 4 పెడితే మసక పోయింది. జి కింద డి పెడితే బి వచ్చి చేరింది. ఏది కొట్టినా ఏదో ఒకటి ఎక్కువో తక్కువో.

ఒకవేళ సరైన పేరు అది ఒప్పుకున్నా అన్న మోత వచ్చేది కాదని తర్వాత అర్థమైంది. పేరు ఏ స్వరాలో చెబుతుంది. ఏ తీగ మీద, ఎంత ఎత్తులో, ఏది ఖాళీగా మోగాలో చెప్పదు. ఆ ఎఫ్ షార్ప్, జి రెండూ పక్కపక్కనే పడకపోతే మబ్బు లేదు. ఇది కార్డు కన్నా పట్టు అనడమే సరి. అన్న మాటే నిజం.

అందుకని ఆ గడుల్లో డి 5 అని కొట్టి, అంటే డి, ఎ రెండే, బేసు డ్రమ్ము మాత్రం ఉంచి పియానో, గిటారు ఆపేశాం. ఆ చోట్ల మేమే గిటారు వాయించి రికార్డు చేసి అతికించాం. మా నాలుగు వేళ్లూ బాగానే ఉన్నా, ఆ మూడు వేళ్ల పట్టు శుభ్రంగా మోగడానికి మాకు ఒక సాయంత్రం పట్టింది.

వాద్యం తయారయ్యాక అవ్వను కూర్చోబెట్టి వినిపించాం. ఈసారి ఆగలేదు. పాట అయ్యాక "కోడి ఏదీ?" అని అడిగింది.

పిల్లల సంగతి అంత తేలిగ్గా లేదు. వాద్యంలో ఎఫ్ షార్ప్ తీసేసినా, వాళ్లు సినిమా పాటలు, ప్రార్థన పాటలు వినే పిల్లలు. గొంతు దానంతటది పైకి జారుతుంది. అందుకే వారానికి రెండు రోజులు స్పీకరు పెట్టకుండా అవ్వనో చిన్నమ్మనో బడికి పిలుస్తున్నాం. ఏడో తరగతి పిల్లలు ఇద్దరు మాత్రం ఆ నడుమ స్వరాన్ని పట్టేశారు. ఎలా పట్టారమ్మా అంటే వాళ్లు చెప్పలేరు. ఆ ఇద్దరినీ ముందు వరసలో నిలబెట్టాం.

మ్యూజిక్ రూము అని మాకు వేరే ఏం లేదు, స్టాఫ్ గది గోడకే పాట చార్టు అంటించాం. పైన కంప్యూటరుకు కొట్టాల్సిన పేర్లు. కింద ఆరు గీతలు, చుక్కలు, పక్కన వాన పట్టు, మబ్బు పట్టు, ఖాళీ పట్టు అని రాశాం. వాద్యం ఫైలు అన్నకు పంపితే డ్యూటీ దిగాక విని ఫోను చేశాడు.

"బాగానే ఉందిరా. మబ్బు పట్టు కాడ మూడో తీగ సరిగా మోగట్లేదు. రెండో తీగ మీది వేలు తగుల్తోంది, కొంచెం నిలబెట్టండి."

మళ్లీ రికార్డు చేస్తున్నాం.